జూన్ పది

నవంబర్ 11
ఒళ్లు మండిపోతోంది.

నిజాం కాలపు బడి మాది. వరండాలో గంటగా వేలాడే రైలు పట్టా ముక్క కూడా అప్పటిదే. జిల్లా ఆటల పోటీల్లో గెలిచి వచ్చిన పిల్లలే మర్నాడు ఆ గంట కొట్టాలి — ఎన్ని తరాల ఆనవాయితీయో. ఆరేళ్లుగా ఎవరూ గెలవక అటెండర్ రాజయ్యే కొడుతున్నాడు. ఇవాళ స్వాతి కొట్టాలి. నిన్న జనగామలో ఆరు వందల మీటర్ల పరుగులో మొదట వచ్చింది, నేను పరుగు నేర్పిన పిల్ల. ఉత్త కాళ్లతో. ప్రార్థన అయింది, సుత్తె ఎత్తింది... హెచ్ఎం సార్ ఫోను మోగింది.

"ఆగు బిడ్డా. జర ఆగు."

వయసు ఎక్కువట! పద్నాలుగేళ్ల లోపు వాళ్ల పోటీ, రికార్డులో పద్నాలుగు దాటి అయిదు నెలలట. గెలుపు రద్దు.

సుత్తె రాజయ్య చేతికిచ్చి తరగతికి వెళ్లిపోయింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

నవంబర్ 12
జనగామ వెళ్లాను. పోటీల జాబితా చూసే అతను పళ్లికిలించాడు — "ఏంది మేడం, మీ తండాల పోరగాండ్లందరు జూన్ పదినే పుట్టిన్రా? ఊరంత ఒక్కనాడే కన్నరా?"

చుట్టూ నవ్వులు. చెంప పగలగొట్టాలనిపించింది. రుజువు ఏదైనా ఉంటే శనివారం సాయంత్రం అయిదింటిలోగా తెమ్మన్నాడు. ఆ తర్వాత రాష్ట్ర పోటీలకు జాబితా వెళ్లిపోతుంది.

తండా పిల్లల పుట్టుకంటే ఇంత అలుసా! ఆ తేదీ రాసిన చెయ్యి పడిపోను.

నవంబర్ 13
తండాకు వెళ్లాను. స్వాతి తల్లి ద్వాలి పత్తి ఏరుతోంది. చెయ్యి ఆపకుండానే మాట్లాడింది.

"దవాఖాన ఏడిది మేడం, ఇంట్లనే కన్న. మక్కలు ఇరిసేటప్పుడు. గప్పుడు కాయితం ఎవలిచ్చిండ్రు?"

మొక్కజొన్న విరిచే రోజులంటే అక్టోబరు. ద్వాలి లెక్కన ఈ అక్టోబరుకు పదమూడు నిండాయన్నమాట. పదమూడు! రాష్ట్రంలో గెలిస్తే ఆటల బడిలో సీటు వస్తుంది, హాస్టల్లోనే ఉంచుకుంటారు అని చెప్పాను.

"వస్తె పంపుత. నేనెందుకు వద్దంట? రాకుంటె మిర్పకాయ ఏర తోల్కపోత. ఒక్కదాన్నే ఏరితె ఎల్తలేదు మేడం."

పోయినేడు మిరప తోటలకు వెళ్లిన నా హైజంప్ పిల్ల కవిత మళ్లీ బడి ముఖం చూడలేదు. దానంత ఎత్తు దూకే పిల్ల నాకు మళ్లీ దొరకలేదు.

స్వాతిని ఒకటో తరగతిలో చేర్చుకున్నప్పటి ఫారం తండా బడి బీరువాలో ఉందట. రేపు తీయించి, రాసినవాడెవడో వాణ్ని నిలబెట్టి కడిగేస్తాను.

నవంబర్ 14
ఫారం తీయించాను. నా రాత.

బాలల దినోత్సవమట. చాక్లెట్లు పంచారు. నా చేతిలోది కరిగిపోయింది.

సున్నాలో చుక్క. తేదీలోని '10'లో సున్నా మధ్య చుక్క. ఆ పిచ్చి అలవాటు నాకు తప్ప ఇంకెవరికుంది!

తొమ్మిదేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్త. పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట రోజులు. పిల్లలు తక్కువైతే ఆ తండా బడి మూసేస్తారని భయం. మమ్మల్నందరినీ తండాలకు పంపారు, ఇల్లిల్లూ తిరిగాం. ద్వాలి చంకలో పిల్ల. "ఇది శాన చిన్నది మేడం" అంది. నాలుగేళ్లు కూడా నిండలేదు. "ఏం కాదక్కా, అయిదని రాస్తా" అన్నాను. ఆ రోజు జూన్ పది. వరసగా పన్నెండు మందికి అదే తేదీ పెట్టాను. బడి నిలబడిందని ఆ సాయంత్రం సంబరంగా మిర్చి బజ్జీలు తిన్నాం.

మొన్న వాళ్లు నవ్వింది నన్నా! నేను తిట్టింది నన్నా! ఛీ.

నవంబర్ 15
హెచ్ఎం సార్ తలుపు దగ్గరగా వేసి చెప్పాడు — "తప్పు రాసిన్నని మీరే రాసిస్తే మెమో ఖాయం మేడం. కొలువు మీదికొస్తది. మిగిలిన పదకొండు మంది తారీఖులు గూడ బయటికి తీస్తరు. ఊకోండి."

ఊకోవాలట! అరిచేశాను. పాపం, ఆయనేం చేశాడు.

అన్నాల వేళ స్వాతిని పిలిచి చెప్పేశాను, రాసింది నేనేనని. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను. అది అడిగింది ఒక్కటే.

"మరి నేను అసలు ఎప్పుడు పుట్టిన మేడం?"

"మక్కలు ఇరిసేటప్పుడట."

"గది తారీఖు కాదు గద?"

కాదు.

మూడు కావస్తోంది. జనగామ బస్సు మూడున్నరకు. ఇవాళే శనివారం, అయిదింటికి గడువు. కాగితం సగం రాశాను. 'విద్యార్థిని పుట్టిన తేదీ జూన్ పది కాదు. అది నేను తప్పుగా రాసినది. అసలు తేదీ...' అక్కడ ఆగిపోయాను. ఖాళీగా ఇస్తే తీసుకోరు. ఏదో ఒక తేదీ వెయ్యాలి. మళ్లీ ఈ చెయ్యే వెయ్యాలి.

వరండాలో రాజయ్య గంట కొడుతున్నాడు.