వరి పోయిందన్న పరిశోధకుడు

హైదరాబాదు, 4-2-1985

బాపుకు, అవ్వకు రూతు నమస్కారాలు. కవరు కొనేదాకా ఆగితే ఒక మనిషి ఈ ఉత్తరం కంటే ముందే మన ఇంటికి చేరతాడన్న భయంతో కార్డు రాస్తున్నాను.

నిన్న మా చరిత్ర శాఖకు ఒకాయన వచ్చి, ఐర్లండ్ కౌలు రైతుల మీద పరిశోధన చేస్తున్నానన్నాడు. నా విషయమూ అదే కదా అని సంబరపడ్డాను. అక్కడి రైతులు జమీందారు మనిషికి పనులు మానేసిన సంగతి ఎత్తగానే, "మీ ఊర్ల గూడ దొరకు బట్టలుతుకుడు, గడ్డం గీసుడు బందు వెట్టిన్రు గదా, ముందుగాల గా మాట ఎవరన్నరు బిడ్డా?" అన్నాడు. మన ఊరు పేరు నేను చెప్పనే లేదు. అనుమానమొచ్చి, ఐర్లండ్ పెద్ద కరువులో పోయిన పంటేది సార్ అన్నాను. "వరి గాక ఇంకేం పోతది!" అన్నాడు. పోయింది ఆలుగడ్డ, బాపూ. ఈయన పరిశోధకుడు కాడు, పేర్లు ఏరుకోవడానికి తిరిగే పోలీసు మనిషో దొర మనిషో అయ్యుంటాడు.

ఆయన మన ఇంటికొస్తే చాయ్ పోయండి, పేర్లు మాత్రం చెప్పకండి. ఎవరని అడిగితే "ఊరంత" అనండి. అవ్వ మోకాలి నొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా? ఈ కార్డు సంతోషమ్మ టీచర్‌తోనే చదివించుకోండి. ప్రభువు మీ గడప కాయాలి. పద్నాలుగో తారీఖులోగా టీచర్‌తో జవాబు రాయించండి. రాకపోతే సెమినార్ వదిలేసి బస్సెక్కుతాను.