చేతులూపిన తరగతి

మండల విద్యాశాఖాధికారి గారికి నమస్కారం.

నిన్న మీరొస్తే మా మూడో తరగతి పిల్లలు గుడ్ మార్నింగ్ చెప్పలేదని నొచ్చుకున్నారు. తప్పు వాళ్లది కాదండి. మా తరగతిలో కెజియా అనే పాపకు ఆటిజం ఉంది. అందరూ ఒక్కసారిగా అరిస్తే చెవులు మూసుకుని బల్ల కిందకు దూరేది. మీరు పంపిన అమలాపురం శిక్షణలోనే, ఇలాంటి పిల్లల కోసం ముందు మా పద్ధతి మార్చుకోమన్నారు. అప్పట్నుంచి చేతులూపి పలకరించుకుంటున్నాం. "ఆయ్, ఇప్పుడు బడికి తనే ముందు బయల్దేరుతుందండి," అంటోంది వాళ్లమ్మ మెర్సీ.

నిన్నా అందరూ మీకు చేతులూపారు. మీరు హెడ్మాస్టరు గారితో మాట్లాడుతూ గమనించలేదు. మిగతావాళ్లు దించేసినా కెజియా ఊపుతూనే ఉంది. కొత్తవాళ్లను తను పలకరించడం ఇదే మొదలు.

ఈసారి వచ్చినప్పుడు మీరూ ఒకసారి చేయి ఊపండి. ఈ ఉదయం కూడా తను గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది.

ఇట్లు,
మూడో తరగతి టీచరు