బానలో సున్నపు గీత

పత్తికొండ,
12 మే 1934.

చిరంజీవి మాబు సాహెబ్‌కు,

నీ తల్లి దౌలత్ బీ వేలవేల దువాలు చేసి రాయిస్తున్న ఉత్తరం. ఇక్కడ అంతా క్షేమమని మొదట రాయించాలట. ఈ ఉత్తరం రాసిపెడుతున్న మిషన్ బడి ప్రేమయ్య అయ్యవారు చెప్పారు గనుక రాయించాను. నువ్వు మాత్రం ఆ మాట నమ్మొద్దు. మన ఇంట్లో దొంగ ఉంది నాయనా. దాన్ని నిఖా చేసుకొని తెచ్చింది నువ్వే.

ఈ ఏడు వాన చుక్క లేదు. మన వీధి బావిలో మిగిలింది ఉప్పునీళ్లే. నీ భార్య జైనాబు తెల్లవారకముందే మైలు దూరంలోని దిగుడుబావికి పోయి, తాగడానికి రెండు కడవలు తెచ్చి బానలో పోస్తుంది. ఆ మాట ఒప్పుకుంటాను, లేనిది చెప్పను. కానీ ఇంట్లో ఉండేది మేమిద్దరమే. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి బాన అడుగు కనబడుతోంది. ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నట్టు? దాని పుట్టిల్లు నాలుగిళ్ల అవతలే. దాని తండ్రి బుడేన్ సాహెబ్ ఇంట్లో ఈనిన బర్రె ఉంది. ఇంతకంటే విడమరచి చెప్పాలా?

అడిగితే, నాకేం తెలుసత్తా, ఎండకు ఇంకిపోతాండాదేమో అంటుంది తలెత్తకుండా. తప్పు చేయనిదానికి తల దించుకునే అవసరమేముంది?

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకుందామనుకున్నాను. పోయిన సోమవారం జైనాబు కట్టెలకు పోగానే, ఆకువక్కల సంచిలోని సున్నం తీసి బాన లోపల నీళ్లు ఉన్నంత మేరకు గీత పెట్టాను. మంచం బాన పక్కకు లాక్కొని పొద్దంతా కాపలా కూర్చున్నాను. పిల్లిని కూడా దగ్గరికి రానివ్వలేదు. నాలుక పిడచకట్టుకుపోతుంటే అప్పుడో గుక్క, ఇప్పుడో గుక్క గొంతు తడుపుకున్నానంతే. సాయంత్రానికి నీళ్లు గీతకు జానెడు కిందికి దిగాయి, నా కళ్లముందే! ఇది ఉత్త దొంగతనం కాదు, ఏదో చేసినారక్కా అని పక్కింటి భీమక్క కూడా అంది.

ఇంకో వింత విను. మధ్యాహ్నం నేను కునుకు తీస్తే చాలు, అది ఖాళీ కడవ చంకన పెట్టుకొని ఎటో పోతుంది. నేను లేచేసరికి అడుగంటిన బానలో మళ్లీ నీళ్లుంటాయి. కాజేసింది భయపడి తిరిగి పోస్తోందన్నమాట.

నా కూట్లో కూడా ఏదో కలుపుతోందని అనుమానం. రెండు సంగటి ముద్దలు తిన్నా ఆకలి తీరదు. అయినా చిక్కిపోయాను, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. రంజాన్ పండగనాడు కాలికి గుచ్చుకున్న ముల్లు ఇప్పటికీ పుండై ఉంది. దప్పికకు బెల్లం పానకం కలుపుకొని తాగుతూ ప్రాణం నిలుపుకుంటున్నాను. వచ్చేటప్పుడు ఒక శేరు కలకండ తీసుకురా.

నువ్వు డోన్ స్టేషన్లో ఇంజన్లకు కడుపునిండా నీళ్లు పడుతున్నావు. ఇక్కడ కన్నతల్లి గుక్కెడు నీళ్లకు మొహంవాచి ఉంది. వచ్చే శుక్రవారంలోగా వచ్చి, పెద్దమనుషుల ముందు దానికి తలాక్ చెప్పి పుట్టింటికి పంపు. లేదంటే నేను కోయిలకుంట్లలో మా చెల్లెలింటికి పోతాను. మళ్లీ నా మొహం చూడవు.

నీ మేలు కోరే తల్లి,
దౌలత్ బీ (వేలిముద్ర)

తా.క.: నాయనా మాబూ, ఇక్కడినుంచి ప్రేమయ్య మాటలు. మీ అమ్మ చెప్పిందంతా ఏమీ దాచకుండా కాగితం మీద పెట్టి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించాను. ఈ కింది ముక్కలు ఆమెకు తెలియవు.

ఈ ఉత్తరం పూర్తయ్యేలోపు మీ అమ్మ మా ఇంట్లో ఏడు చెంబుల నీళ్లు తాగింది. మూడుసార్లు లేచి పెరట్లోకి వెళ్లొచ్చింది. అడిగిన ప్రతిసారీ, ఒక్క గుక్క నీళ్లియ్యప్పా అనే అడిగింది. తాను ఎంత తాగుతున్నదీ ఆమెకే తెలియదు. మా అమ్మకూ ఇలాగే ఉండేది. నీళ్లు తగ్గిస్తే దప్పిక అదే తగ్గుతుందని చెంబు దాచిపెట్టాను. అది చక్కెర జబ్బని తెలిసేసరికి ఆమె దక్కలేదు. ఆ పాపం నన్ను ఇప్పటికీ తింటోంది.

మొన్న మండుటెండలో జైనాబు దిగుడుబావి దగ్గర కనిపించింది. ఈ వేళప్పుడు ఎందుకొచ్చావమ్మా అంటే, మూడో కడవకు అయ్యవారూ, మా అత్తకు దప్పిక శానా ఉండాది, తాగేది నువ్వేనని చెప్తే సిగ్గుపడి తాగేదే మానేస్తాది అంది. దొంగ అనిపించుకుంటోంది గానీ ఆ మాట మాత్రం ఇంట్లో అనలేదు.

కలకండ తేవద్దు. బెల్లం పానకం మాన్పించమని జైనాబుకు నేను చెప్తాను. నీళ్లు మాత్రం అడిగినన్ని ఇవ్వాల్సిందే.

నువ్వు సెలవు పెట్టి వెంటనే వచ్చి మీ అమ్మను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపో. జబ్బు నీకేనమ్మా అని చెప్తే ఆమె గడప దాటదు. జైనాబును డాక్టరుకు చూపించి దాని గుట్టు తేలుస్తానని చెప్పు. కాపలా కాయడానికైనా మీ అమ్మే అందరికంటే ముందు బండెక్కి కూర్చుంటుంది.