రెండు సెకన్ల చెవి

ఫిబ్రవరి 18, మంగళవారం

టీవీ వాళ్ళు ఫోన్ చేశారు. ముందు ఏదో లోన్ ఇస్తామనేవాళ్ళు అనుకుని పెట్టేయబోయాను.

"కోటేశ్వరరావు గారేనా అండీ? 'వినగానే' ప్రోగ్రామ్‌లో కారు గెలిచిన కోటేశ్వరరావు గారు?"

ఇరవై ఏడేళ్ళు... అయినా 'కారు గెలిచిన' అనేసరికి నా నడుం దానంతటదే నిటారు అయిపోతుంది. ఏం మనిషినో!

పాత విజేతల్ని మళ్ళీ పిలుస్తున్నారట. అదే ఆట. పాటకి ముందొచ్చే సంగీతం వినిపిస్తారు, పాటేదో చెప్పాలి. చివరి రౌండులో రెండే సెకన్లు. గెలిస్తే మళ్ళీ కారు. మార్చి 6న విజయవాడలో షూటింగు. జోడీగా, అప్పుడు నాతో ఆడిన మస్తాన్‌నే తీసుకురావాలి.

వస్తామండీ అన్నాను. ఆలోచిస్తే కదా!

పెట్టేశాక చూసుకున్నాను. అంతసేపూ ఫోన్ ఎడమ చెవికే ఉంది. కుడి చెవికి పెట్టడం మానేసి రెండేళ్ళు దాటింది. ఈ సంగతి ఈ కాగితానికి తప్ప ఎవరికీ తెలియదు.

ఫిబ్రవరి 19

మా గ్రానైట్ యూనిట్లో అప్పుడే తెలిసిపోయింది. ఓనరు గారు వందమందిలో నా భుజం తట్టారు. "కోటేశ్వర్రావ్, టీవీలో మన గ్రానైట్ పేరు చెప్పాలి మరి. గేటు మీద ఫ్లెక్సీ వేయిస్తున్నా."

అసలు ఈ ఉద్యోగం ఇచ్చిందే ఆ కారు. కారుతో మార్టూరు వచ్చిన ఏడాదికి, అప్పటి ఓనరు, ఈయన నాన్నగారు, పిలిచి చేతికి సుత్తి ఇచ్చారు. "రెండు సెకన్లలో పాట పట్టినోడివి, రాయి పట్టలేవా?" అన్నారు. పట్టాను. పాలిష్ అయిన పలకని సుత్తితో నాలుగు మూలలా, నడిమధ్యనా తడతాం. మంచి పలక ఖంగున మోగుతుంది. లోపల వెంట్రుకవాసి పగులున్నా ఆ మోతకి చివర ఉండే సన్నటి తీగ తెగిపోతుంది. ఆ తీగ వినేవాడే కావాలి. నేను 'ఊఁ' అంటే లోడింగు. నేను తల అడ్డంగా ఊపితే పక్కకి.

ఇప్పుడు ఆ తీగ నాకు వినపడటం లేదు. పలక మీద అరచెయ్యి ఆనించి, అదురుని బట్టి చెబుతున్నాను. ఇన్నాళ్ళూ తప్పు పోలేదు.

ఇన్నాళ్ళూ.

ఫిబ్రవరి 21, శుక్రవారం

చీరాల నుంచి మస్తాన్ వచ్చాడు, పెళ్ళిలో సన్నాయి వాయించి అటునుంచి అటే. జుబ్బా మీద ఇంకా పసుపు మరకలు. వస్తూనే, "ఒరేయ్ కోటీ, ఈసారి కారు నాకు ముందు ఆరు నెలలు, తర్వాత నీకు ఆరు నెలలు. పోయినసారి నువ్వు మోసం చేశావ్."

నవ్వలేక చచ్చాం. ఒక కారు, ఇద్దరు గెలిచినోళ్ళు, ఒక్కడికీ డ్రైవింగ్ రాదు! ఆరు నెలలు వాడి గుమ్మం ముందు, ఆరు నెలలు మా గుమ్మం ముందు. చివరికి పెళ్ళికొడుకుల్ని ఊరేగించడానికి తిప్పాం. ముందు కారు, దాని వెనక వాడి సన్నాయి. ఆ కారు వెనక డోరు ఇప్పటికీ మా కోళ్ళగూటికి తలుపు.

మా ఆవిడ నాగమణి కాఫీ ఇస్తూ అడిగింది, "ఆ ఎర్ర తెర లేచినప్పుడు మీకేమనిపించింది అన్నయ్యా?" పెళ్ళయినప్పటి నుంచి వాణ్ణి అడుగుతూనే ఉంది. వాడు ప్రతిసారీ కొత్త జవాబు చెబుతాడు. ఇవాళ "కాళ్ళ కింద నేల లేదమ్మా" అన్నాడు.

ఆ రోజులు! ఆదివారం పొద్దున పది కొట్టేసరికి మార్టూరు సెంటర్లో కుక్క కూడా కనపడేది కాదు. మొదటి రౌండులో ఓడినా మిక్సీ. రెండోదానికి ఫ్రిజ్. మూడోదానికి కలర్ టీవీ. ఆ పైన ఎర్ర తెర... దాని వెనక ఏముందో అందరికీ తెలుసు, అయినా అందరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. టీవీయే లేని ఇళ్ళలో కూడా ఆ కారు రంగు గురించి కొట్టుకునేవాళ్ళు. బజర్ మీద నా చెయ్యి, బల్ల మీద సన్నాయి రంధ్రాలు మూస్తున్నట్టు ఆడే వాడి వేళ్ళు. ఆ రెండు సెకన్లూ... నాకు మళ్ళీ అవే కావాలి. కారు కాదు. చూసినవాళ్ళంతా ఒక్కసారిగా 'హా' అన్నారే, అది కావాలి.

తర్వాత వాడు ఫోన్లో ముక్కలు పెట్టాడు, ప్రాక్టీసుకి. తబలా ఉన్నవి చెప్పేశాను. డోలు, చెప్పేశాను. మూడోది పెట్టి నా మొహంలోకి చూస్తున్నాడు. నేను వాడి మొహంలోకి చూస్తున్నాను.

"చెప్పరా."

"ముందు పెట్టు."

"అయిపోయింది కదరా, వేణువు!"

నాకు ఒక్క ముక్క కూడా వినపడలేదు. కోపం నటించాను. నీ ఫోన్ డొక్కుది, స్పీకర్ పోయింది, అని అరిచాను. వాడు ఫోన్‌ని తిప్పి చూసుకున్నాడు, పాపం.

ఫిబ్రవరి 24, సోమవారం



పదకొండింటికి పలక విరిగింది. క్రేనుతో లేపుతుంటే గాల్లోనే రెండైంది. సగం బండి మీద పడింది, సగం ఏసోబు కాలికి జానెడు దూరంలో. క్రేను నడిపేది ఏసోబే. జానెడు అటు అయితే...

నేను 'ఊఁ' అన్న పలకే అది. శనివారం తట్టాను. అరచెయ్యి ఆనించాను. అదిరింది అనుకున్నాను.

ఓనరు గారు పరిగెత్తుకొచ్చారు. అందరి ముందూ నన్నే అడిగారు, "నువ్వు చూసిన పలకేనా?"

"చూశానండీ. మంచిదే."

నా నోటితోనే అన్నాను. నా నోరు పడిపోను.

"అయితే క్రేను గొలుసు కుదుపుకే విరిగింది. ఏరా ఏసోబూ, నిద్రపోతున్నావా?"

ఫిబ్రవరి 25

ఏసోబుని పనిలోకి రావద్దన్నారు.

గేటు దగ్గర ఆపాడు నన్ను. వాడే నన్ను ఓదారుస్తున్నాడు! "మీరు బాధపడమాకండి బాబాయ్. మీ చెవి తప్పు పోదు గదా. నేనే కుదిపుంటాలే, నాకు తెలీకుండానే. మీరు కారు గెలిచిన రోజున మా పేటంతా చర్చి దగ్గర ఒకే టీవీ ముందు కూర్చున్నాం. నాకు ఎనిమిదేళ్ళు. మా అయ్య నన్ను భుజాలెక్కించుకుని చూపించాడు. ఆ చెవికి పగులు తెలవకుండా ఉంటదా?"

నేను తల ఊపాను. ఊపి, లోపలికొచ్చి, సుత్తి పట్టుకున్నాను.

ఫిబ్రవరి 26

ఇవాళా చెప్పలేదు.

ఫిబ్రవరి 27, గురువారం

విరిగిన ముక్కల దగ్గరికి వెళ్ళాను. అందరూ భోజనాల దగ్గరున్నారు.

అప్పుడే విరిగిన రాయి లోపల మెరుస్తుంది, పంచదార పోసినట్టు. ఈ ముక్క అంచున మూడు వేళ్ళ వెడల్పున బూడిద గోధుమరంగు గీత. పాత పగులు. కొండలో ఉన్నప్పటి నుంచీ ఉన్నది, తడి ఇంకి రంగు మారింది. చిన్నపిల్లాడికి చూపించినా తెలుస్తుంది. గొలుసూ కాదు, కుదుపూ కాదు.

ఆ అంచుని సుత్తితో కొట్టి విడగొట్టాను. పచ్చడి రోకలంత ముక్క. స్కూటర్ డిక్కీలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. చూపించడానికైతే అక్కడే చూపించవచ్చు కదా. దాచడానికైతే గుంటలో పారేయవచ్చు కదా. ఛీ.

గేటు మీద ఫ్లెక్సీ కట్టారు. నా ఫోటో, పక్కన కారు బొమ్మ. 'మన మార్టూరు చెవి'.

మార్చి 1, శనివారం

గుంటూరు వెళ్ళాను. మిరపకాయలు బేరం చేసే స్నేహితుడితో పనుందని ఇంట్లో చెప్పాను. ఊరు మొదలవకముందే ఘాటు, బస్సంతా దగ్గు. ఆ దగ్గులు మాత్రం బాగానే వినపడ్డాయి!

చెవి డాక్టరు దగ్గర అద్దాల గది. హెడ్‌ఫోన్లు పెట్టారు. చేతికి ఒక బటన్ ఇచ్చి, "సౌండ్ వినపడగానే నొక్కండి సార్" అంది ఆ అమ్మాయి.

వినగానే నొక్కాలి. నవ్వొచ్చింది.

మొదట్లో వినపడ్డాయి. తర్వాత ఏమీ లేదు. ఆ అమ్మాయి అద్దం అవతల భుజం కదిలించినప్పుడల్లా నొక్కాను. బాగానే పట్టేస్తున్నాననుకున్నాను. యాభై రెండేళ్ళ వాణ్ణి, చెవి పరీక్షలో కాపీ కొడుతున్నాను. చివరికి తలుపు తీసుకుని లోపలికొచ్చింది.

"సార్... ఇందాకటి నుంచి నేనేమీ ఇవ్వలేదండీ. ఊరికే పెన్నుతో రాసుకుంటున్నా."

కుడి చెవిలో సన్నటి శబ్దాలు మొత్తం పోయాయట. ఎడమది సగం. తిరిగి రావట. చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు బాగా తెలుస్తాయట.

"ఆ మోతలో ఎన్నాళ్ళ నుంచి? చెవులకేమైనా అడ్డం పెట్టుకుంటారా?" అని డాక్టరు గారడిగారు.

మా యూనిట్లో అందరికీ దూదో గుడ్డో ఉంటుంది, నాకు తప్ప. చెవులు మూసుకుంటే రాయి ఎట్లా వినపడుతుందండీ? వినడానికే కదా నన్ను పెట్టుకుంది! ఇరవై ఆరేళ్ళు మిషన్ల మధ్య చెవులు తెరుచుకుని నిలబడ్డాను, గొప్పగా.

మార్చి 2

నాగమణి కూరల సంచీ కోసం డిక్కీ తెరిచింది. రాయి తెచ్చి నా ముందు పెట్టింది.

చెప్పేశాను. పలక, ఏసోబు, గుంటూరు, అన్నీ. తిడుతుందనుకున్నాను.

"రెండేళ్ళ నుంచి నేను మీకు ఎడమపక్కనే ఎందుకు కూర్చుంటున్నానో ఎప్పుడైనా అడిగారా?" అంది.

తనే అంది, "చెవి పోతే పోయింది. ఆ పిల్లాడి పని పోయింది, దాని సంగతి చూడండి." ముప్ఫై అయిదేళ్ళవాడు తనకి పిల్లాడే.

మార్చి 3, సోమవారం

మస్తాన్‌కి చెప్పడానికి చీరాల వెళ్ళాను. చెవి సంగతి చెప్పాను. వాడు సన్నాయి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"వేణువప్పుడే తెలిసిందిరా. ఫోన్ బాగానే ఉంది. నీకు రోషమొస్తుందని ఊరుకున్నా. ఏం పర్లేదు. బల్ల కింద నీ మోకాలు తడతా. నువ్వు బజర్ నొక్కు, నేను చెబుతా. జోడీయే కదా, తప్పేముంది?"

తప్పేమీ లేదు. నిజమే. ఇద్దరిలో ఎవరు చెప్పినా చెల్లుతుంది.

కానీ ఆరో తారీఖున తెర లేచి కారు కనపడితే మళ్ళీ 'ఆ చెవి చూశావా' అంటారు. ఏసోబు కూడా అదే అంటాడు, ఇంట్లో కూర్చుని. తన చెయ్యే కుదిపిందని ఇంకో ఇరవై ఏడేళ్ళు నమ్ముతాడు.

పలక సంగతి కూడా చెప్పాను. వాడి వేళ్ళు ఆగిపోయాయి. "అది మాత్రం మోకాలు తట్టేది కాదు కోటీ," అన్నాడు.

మార్చి 5

ఓనరు గారు ఊళ్ళో లేరు. రేపు పొద్దున తొమ్మిదింటికి వస్తారట. పదింటికి టీవీ వాళ్ళ కారు.

ఏసోబుకి కబురు చేశాను, తొమ్మిదిన్నరకి గేటు దగ్గరికి రమ్మని. ఎందుకో చెప్పలేదు. "ఆల్ ది బెస్ట్ చెప్పడానికి నేనే వద్దామనుకున్నా బాబాయ్" అన్నాడట.

మార్చి 6, గురువారం

ఆఫీసు బయట సిమెంటు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. తొమ్మిదిన్నర దాటింది. ఇస్త్రీ చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది.

ఓనరు గారి బల్ల మీద రాయి పెట్టాను. గోధుమరంగు గీత ఆయనకి కనపడేట్టు తిప్పి పెట్టాను. ఆయన గ్రానైట్‌లోనే పుట్టి పెరిగారు, ఒక్క చూపు చాలు. పెదాలు కదిలాయి. నాకు అందలేదు.

"వినపడలేదండీ," అన్నాను. "ఈ చెవికి వినపడదు. రెండేళ్ళయింది. ఇటు వచ్చి చెప్పండి."

జీవితంలో మొదటిసారి పైకి అన్నాను. ఏమీ కూలిపోలేదు. ఆయన లేచి ఎడమవైపుకి వచ్చారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"కోటేశ్వర్రావ్, నాలుగు రోజులు నోరు మెదపకు. ఫ్లెక్సీ కట్టాం, పేపర్లో వేయించాం. షో అయిపోనీ. ఆ ఏసోబుగాణ్ణి తర్వాత నేనే పిలిపిస్తాలే, ఈసారికి క్షమించామని."

క్షమించామని! వాడిని!

రాయి ఆయన సొరుగులో పెట్టబోయారు. చెయ్యి చాచి తీసుకున్నాను. ఇరవై ఆరేళ్ళలో ఆయన బల్ల మీది నుంచి ఏదైనా తీసుకోవడం ఇదే మొదలు.

మస్తాన్ వచ్చేశాడు. టీవీ కారు రోడ్డు వారగా ఆగింది, వాడు ముందు సీట్లో సన్నాయి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. హడావిడి పడటం లేదు. నా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

గేటు దగ్గర ఏసోబు. ఉతికిన తెల్లచొక్కా. ఫ్లెక్సీలో నా మొహాన్నీ, ఇక్కడ నన్నూ మార్చి మార్చి చూసి చెయ్యి ఊపుతున్నాడు. ఏదో అరుస్తున్నాడు కూడా. లోపల మిషన్లు నడుస్తున్నాయి. అన్నీ మంచి మాటలే అయి ఉంటాయి, ఆ నవ్వు చూస్తే తెలుస్తోంది.

రాయి నా ఒళ్ళో ఉంది.

ఇటు రా, ఈ పక్కకి, అని ఎడమవైపు బల్ల మీద తట్టి చూపించాను. వస్తున్నాడు.