మలుపులో కీచుమన్న బ్రేకు

చి.సౌ. కోడలికి మేడమీది గది నుంచి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వంటింటి అలమరకి తాళం వేసిన రోజే నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. రాయనని పెట్టుకోలేదు కాబట్టి రాస్తున్నాను. ఒక్కసారి కళ్ళు తిరిగి పడిపోయినంత మాత్రాన మనిషికి పంచదార మాన్పించడం న్యాయం కాదు. అయినా నోరు కట్టుకుని బతుకుతున్నాను. మొన్న రక్తపరీక్ష బాగా వచ్చిందంటే అది నా నిగ్రహం.

అసలు విషయానికొస్తాను. ఆదివారం కారు బ్రేకులు ఇంట్లోనే నువ్వే మారుస్తావట, మీ అత్తయ్య చెప్పింది. ఎందుకమ్మా? సాయంత్రం వీధి మలుపులో కీచుమంటాయి, అంతేగా. అరిచే బ్రేకు బతికున్న బ్రేకు.

ఇట్లు,
మాట్లాడని మామయ్య

తా.క. ఈమధ్య బేకరీ బిస్కెట్ల రుచి బాగా పడిపోయిందట. తినేవాళ్ళు అనుకుంటుంటే విన్నాను.

&nbsp;

మామయ్యగారికి కింది నుంచి కోడలి నమస్కారాలు.

మీ ఒట్టు చెడకూడదని నేనూ రాస్తున్నాను. బ్రేకు అరిచేది బతికుండి కాదండీ, పోయే ముందు. చక్రాన్ని నొక్కి ఆపే ప్యాడ్ అరిగిపోయాక దానికున్న చిన్న రేకు, చక్రం వెనకాల తిరిగే ఉక్కు పళ్ళేన్ని గీరుతుంది. ఆ పళ్ళేన్నే రోటర్ అంటారు. 'ఇక నన్ను మార్చండి' అని చెప్పడానికే ఆ రేకు పెడతారు.

ఆడదాని చేతిలో స్పానరేమిటని మీకుంటే సూటిగా అనండి. మా పుట్టింట్లో బ్రేకులు మా అమ్మే మార్చేది, నాన్న టార్చి పట్టుకునేవారు. ఇక్కడ టార్చి పని మీ అబ్బాయికి అప్పజెప్పాను.

ఇట్లు,
స్పానరు గల కోడలు

&nbsp;

చి.సౌ. కోడలికి ఆశీస్సులు.

ఎంతమాట! నీ చేతి మీద నాకు అనుమానమేమీ లేదు. నువ్వు చేస్తే బాగా కుదురుతుందనే నా భయం. ఆ కీచుమనే చప్పుడు వింటేనే కోడలు క్షేమంగా ఇల్లు చేరుతోందని నా గుండె నిమ్మళిస్తుంది. పోనీ ఒక పక్క మార్చి, రెండో పక్క ఉండనివ్వకూడదూ?

ఇట్లు,
నీ క్షేమం తప్ప మరేదీ కోరని మామయ్య

తా.క. జాకీ పిడి కనిపించడం లేదట. నాకేమీ తెలియదు. నా మంచం కింద వెతక్కు, అక్కడంతా దుమ్ము.

&nbsp;

మామయ్యగారికి నమస్కారాలు.

పిడి దొరికింది. మంచం కింద దుమ్ము కూడా దులిపాను.

ఒక పక్కే మారిస్తే బ్రేకు తొక్కగానే కారు పక్కకి లాగేస్తుంది. అంటే సగం పనికే నన్ను నమ్మారన్నమాట. ముందు చక్రాలతో సరిపెడదామనుకున్నదాన్ని, మీ ఉత్తరం చదివాక పంతం పట్టి నాలుగు చక్రాలకీ ప్యాడ్లు మార్చేశాను. పాత రోటర్ల మీద గాట్లు వేలికి తగిలాయి, ఆ రోటర్లనీ తీసేసి కొత్తవి వేశాను. కారు కదిపే ముందు బ్రేకు గట్టిపడేదాకా తొక్కాను. ఇప్పుడు పిల్లి వచ్చినట్టు వచ్చి ఆగుతోంది. వచ్చి చూడండి.

ఇట్లు,
నాలుగు చక్రాల కోడలు

తా.క. మీ అబ్బాయి టార్చి పట్టుకునే నిద్రపోయారు. అయినా చెయ్యి కదల్లేదు, మెచ్చుకోవాలి.

&nbsp;

చి.సౌ. కోడలికి,

నిన్న సాయంత్రం నువ్వు తలుపు తీసినప్పుడు నా చేతిలో ఉన్నది బిస్కెట్టే. మీసం మీదిది దాని పొడే. కుట్టుమిషను సొరుగులో డబ్బా నాది. మీ అత్తయ్యకి ఏ సంబంధమూ లేదు, ఆవిడ సొరుగు అద్దెకిచ్చింది. అద్దె రోజుకి రెండు బిస్కెట్లు.

మలుపులో నీ బ్రేకు కీచుమనగానే డబ్బా మూసి, మూతి తుడుచుకుని, పేపరు పట్టుకునేవాణ్ణి. నిన్న ఏ చప్పుడూ లేదు. నువ్వు చూసి, తలుపు దగ్గరగా వేసి దిగి వెళ్ళిపోయావు. తిట్టినా బాగుండేది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. సిగ్గుగా ఉందమ్మా. డబ్బా పట్టుకుపో, అలమర తాళం అలాగే ఉంచు.

ఇట్లు,
మాట్లాడ్డానికి మొహం చెల్లని మామయ్య

&nbsp;

మామయ్యా,

డబ్బా సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. మీరు పడిపోయిన రోజు ఆస్పత్రి వరండాలో కూర్చుని ఏడ్చాను. ఆ భయంతోనే తాళం వేశాను. అలాగని మా నాన్నంతటి మనిషిని దొంగలా పట్టుకోవడం నావల్ల కాదు.

మన మలుపులో ఎత్తు ఎక్కాలి. బ్రేకు తొక్కే పనే లేదు, కారు దానంతటదే నెమ్మదిస్తుంది. మీరు మూత పెట్టుకుంటారని రోజూ అక్కడ కావాలని తొక్కేదాన్ని. అరుపు మొదలైన వారమే ప్యాడ్లు మార్చాల్సింది, మీ కోసమే సాగదీశాను. రోటర్ల మీద గాట్లు పడింది అందుకే. మొన్న వానలో కారు ఆగాల్సిన చోట ఆగలేదు, ఇక తప్పలేదు.

నిన్న కూడా మలుపులో తొక్కాను. కొత్త బ్రేకు అరవదన్న సంగతి మరిచిపోయాను. రేపటి నుంచి హారన్ కొడతాను. డబ్బా సొరుగులోనే ఉండనివ్వండి. కిందికి దిగి భోజనానికి రండి, మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

ఇట్లు,
మీ కోడలు

తా.క. బిస్కెట్ల రుచి పడిపోయిందని రాశారు. తాళం వేసిన రోజే బేకరీ అతనితో మాట్లాడాను. మీకిచ్చేవాటిలో పంచదార వేయడు. రక్తపరీక్షలో తేలిన నిగ్రహం అతనిది.