మిద్దె మీద పేగు తీగలు

1948 జులై 11, ఆదివారం

గిటారు మొదటి తీగ తెగింది. వారం కిందట మూడోది తెగింది. రెండోది పోగులు లేచి ఉంది, నేడో రేపో అదీ పోతుంది. పేగుతో చేసిన తీగలకి వానాకాలం పడదు. తేమ పీల్చి ఉబ్బుతాయి, ఆరాక పుటుక్కున తెగుతాయి. మా స్కూల్లో పనిచేసిన మిస్ ఎడ్నా ఇంగ్లండ్ వెళ్ళిపోతూ ఈ స్పానిష్ గిటారుతో పాటు రెండు సెట్లు తీగలు కూడా ఇచ్చింది. అవి అయిపోయాయి. మద్రాసుకి రాశాను గానీ నమ్మకం లేదు. ఇండియన్ యూనియన్ వాళ్ళు హైదరాబాదు రాజ్యంలోకి మందులే రానివ్వడం లేదట, నా తీగలు రానిస్తారా!

రోజంతా స్కూల్లో నలభై మంది ఆడపిల్లలకి గ్రామర్ చెప్పాక, సాయంత్రం ఒక్క గంట నాది. అది కూడా పోతే నాతో వేగడం కష్టం. నాన్న కూడా ఆ మాట ఒప్పుకున్నారు.

జులై 17

జేమ్స్ స్ట్రీట్ మ్యూజిక్ షాపులో స్టీల్ తీగలున్నాయి. వేస్కోండి మేడమ్, ఇంకా జోరుగ మోగుతది అన్నాడు షాపువాడు. మోగడం కాదు, తీగల్ని పట్టి ఉంచే బ్రిడ్జి ఊడి మొహాన కొడుతుంది. పేగు తీగల కోసం చేసిన పల్చటి చెక్క ఇది, స్టీల్ లాగుడుకి ఆగదు. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు చేశారు. ఆయన కూడా గిటారు తిప్పి చూసి అదే అన్నారు. చివరికి షాపువాడే చెప్పాడు, బోలక్‌పూర్‌లో హనీఫ్ అని ఒకాయన సారంగీలకి పేగు తీగలు పేనుతాడని.

జులై 18, ఆదివారం

చర్చి నుంచి నేరుగా బోలక్‌పూర్ వెళ్ళాను. తోళ్ళ వాసనకి కర్చీఫ్ ముక్కు మీద నుంచి తీయలేదు. హనీఫ్ సాబ్‌కి అరవై దాటి ఉంటాయి. గొర్రె పేగులు నానబెట్టి, గీకి, చక్రం మీద పేని, రెండు గుంజల మధ్య బిగించి ఆరబెడతాడు. గిటారు ఎన్నడూ చూడలేదట. ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నిమిరాడు.

తీగని ఎలా ఎంచుకోవాలో నేర్పాడు. రెండు చేతుల మధ్య లాగి పట్టుకుని బొటనవేలితో మీటాలి. ఊగుతున్న తీగ రెండు గీతలుగా కనబడితే మంచిది. మధ్యలో మూడో గీత కనబడిందా, ఎక్కడో లావు సన్నం ఉన్నట్టే, ఎంత బిగించినా శ్రుతిలో నిలవదు. జెర నిదానంగ చూడు టీచరమ్మా, తొందరేం లేదు అన్నాడు. తొమ్మిది చూశాను. తొమ్మిదింటిలోనూ మూడో గీతే. ఆయన భార్య గులాబ్ బీ చాయ్ ఇస్తూ, పెండ్లికొడుకును సుత ఇంత పరీక్ష చెయ్యరమ్మా అని నవ్వింది. ముప్పై నాలుగేళ్ళొచ్చినా పెళ్ళి కాకపోవడానికి కారణం అదేనన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం. వచ్చేటప్పుడు చూసుకుంటే కర్చీఫ్ ఎప్పుడో బ్యాగులో పెట్టేశాను.

ఆగస్టు 3

ఇంకో ఆరు తిప్పి పంపాను. మొదటి తీగ మరీ సన్నంది, అదే కుదరడం లేదు. తప్పు నా చేతిల లేదు, జాగల ఉన్నది అంటాడు హనీఫ్ సాబ్. వాళ్ళ పెరడు పల్లం, చుట్టూ గోడలు, గాలి ఆడదు. తీగ ఒక పక్క ఆరితే ఇంకో పక్క ఆరదు. మా మిద్దె పొడుగ్గా ఉంటుంది, ఎప్పుడూ గాలే, అక్కడ పెట్టుకోమన్నాను. మీకు తక్లీఫ్ అయితదేమో అని మూడుసార్లు అడిగాడు.

ఆగస్టు 5

హనీఫ్ సాబ్ మిద్దె మీద రెండు గుంజలు నిలబెట్టాడు. వాటికి కొక్కేలు. గుంజలు లోపలికి వంగకుండా అటూ ఇటూ గోడకి ఇనపతీగతో లాగి కట్టాడు. మధ్యలో పన్నెండు తెల్లటి పేగు తీగలు. వాన చినుకు పడితే గోనెపట్టా కప్పే డ్యూటీ నాన్నది. గొణుగుతూనే పట్టా కొలతలు తీసుకున్నారు.

ఆగస్టు 9

పక్కింటి ఏసురత్నం గారికి వేరే పని లేదు. మా చర్చి కమిటీలో పెద్ద ఆయన. రోజూ వేపపుల్ల నములుతూ మా మిద్దె వంకే చూపు. ఏమిటవి, ఎవరివి, ఆ తురకాయన రోజూ ఎందుకొస్తాడు? నాలుగుసార్లు సరిగ్గానే జవాబు చెప్పాను. గొర్రె పేగుల్ని ఎవరైనా మిద్దెకెక్కిస్తారా అని నమ్మలేదు. ఇవాళ ఐదోసారి అడిగేసరికి ఒళ్ళు మండింది. అది వైర్లెస్ అండీ, హనీఫ్ సాబ్ కరాచీతో మాట్లాడతాడు, నిన్న మీ సంగతి కూడా చెప్పాడు అన్నాను. ఆయన నోట్లో పుల్ల జారి కింద పడింది.

లోపలికొచ్చి కడుపు పట్టుకుని నవ్వాను. నాన్న నవ్వలేదు. రోజులు బాగాలేవు, నోరు అదుపులో పెట్టుకో అన్నారు.

ఆగస్టు 22

క్లాసులో పదిహేడు మందే. మిగతావాళ్ళు బెజవాడ వైపు, బంధువుల ఊళ్ళకి. మధ్యాహ్నం రజాకార్లు కవాతు చేస్తూ స్కూలు ముందు నుంచి పోయారు. పిల్లలు డిక్టేషన్ ఆపేశారు. నేను ఆపలేదు. నా గొంతు నాకే కీచుగా వినబడింది.

సెప్టెంబర్ 4

దొరికింది! పన్నెండులో ఎనిమిదోది. రెండే గీతలు. తిప్పి మీటాను, ఇటూ రెండే. హనీఫ్ సాబ్‌ని చూడమంటే చూడలేదు, నీ మొహమే చెప్తున్నది అన్నాడు. అక్కడే గిటారుకి కట్టాను. గడప మీద కూర్చుని గంటసేపు విన్నాడు. లేస్తూ, గొర్రె గింత మంచిగ పాడుతదని నాకు తెల్వకపాయె అన్నాడు.

ఇంత సంతోషం కలిగి ఎన్నాళ్ళయిందో.

సెప్టెంబర్ 13, సోమవారం, ఉదయం పది

యూనియన్ సైన్యం బయల్దేరిందట. బేగంపేట వైపు విమానం మోత. స్కూలు మూసేశారు. నాన్న బియ్యం డబ్బా రెండుసార్లు తెరిచి చూశారు.

సెప్టెంబర్ 17, సాయంత్రం

అయిపోయిందట. హైదరాబాదు లొంగిపోయిందని రేడియోలో చెప్పారు. ఏసురత్నం గారు మూడు రంగుల జెండా పట్టుకుని వీధిలో అందరికీ మిఠాయి పెడుతున్నారు. పోయిన నెల ఇదే నోటితో ఆజాద్ హైదరాబాద్ అన్నారు. తిన్నాను. మిఠాయి ఏం పాపం చేసింది?

సెప్టెంబర్ 19

హనీఫ్ సాబ్ వచ్చి మిగిలిన పేగు తీగలు విప్పుకుని వెళ్ళాడు. గుంజలు, ఇనపతీగ మాత్రం గొడవలు సద్దుమణిగాక తీస్తానన్నాడు. బీదర్ వైపు గులాబ్ బీ అన్నదమ్ముల దగ్గర నుంచి కబురు లేదట. ఏవేవో వింటున్నం టీచరమ్మా, మాకు ఏం కాదు గద అని అడిగాడు. తీగలు పేనుకునేవాళ్ళని ఎవరేం చేస్తారు, భయపడకండి అన్నాను. చాలా ధీమాగా అన్నాను.

సెప్టెంబర్ 23

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి.

మధ్యాహ్నం మిలిటరీ వాళ్ళు ఐదుగురు వచ్చారు. ముగ్గురి చేతుల్లో తుపాకులు. వెనకాల ఏసురత్నం గారు. నేరుగా మిద్దెక్కారు. పేగు తీగలు లేవు. రెండు గుంజలు, కొక్కేలు, ఇనపతీగ ఉన్నాయి. ఆఫీసరు ఇంగ్లీషులో అడిగాడు, ఇవి ఎవరివి? వైర్లెస్ సెట్ ఎక్కడ?

చెప్పాల్సింది నాలుగు ముక్కలు. ఇవి తీగలు ఆరబెట్టడానికి. గిటారు లోపలుంది, చూడండి. కరాచీ మాట నేనన్నాను. వేళాకోళానికి అన్నాను. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు చదువుతున్నాను, పదేళ్ళుగా చెబుతున్నాను. నా నోట్లోంచి వచ్చింది రెండు మాటలే. హనీఫ్ పేరు, బోలక్‌పూర్ పేరు.

నాన్న తెలుగులో పేగులు, గొర్రె పేగులు అంటున్నారు. ఆఫీసరుకి అర్థం కాలేదు. నన్ను చూశాడు. ఇంగ్లీషులో చెప్పమని నాన్న నా మోచెయ్యి పట్టుకుని కుదిపారు. చెబితే ఆ మాట ఎవరన్నారని అడుగుతారు. నన్ను కూడా తీసుకుపోతారు. నేను నేల చూశాను.

వాళ్ళు ఇనపతీగ చుట్ట చుట్టి పట్టుకుపోయారు.

సెప్టెంబర్ 24

హనీఫ్ సాబ్‌ని తీసుకుపోయారు.

సెప్టెంబర్ 26

గులాబ్ బీ వచ్చింది. ఎక్కడ పెట్టారో తెలియదు. ఖైదీల క్యాంపులో ఉన్నాడని ఎవరో అన్నారట. నీకు ఇంగ్లీష్ వస్తది గద, ఒక అర్జీ రాయి టీచరమ్మా అంది. రాశాను. నిరపరాధి, వృద్ధుడు, సారంగీ తీగలు చేసేవాడు, రాజకీయాలతో సంబంధం లేనివాడు. చాలా బాగా కుదిరింది. కావలసిన ఒక్క వాక్యం లేదు. చదివి తెలుగులో చెప్పాను. ఆమె వేలిముద్ర వేసి నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది.

అక్టోబర్ 6

జవాబు లేదు. రెండో అర్జీ. ఇంకా మంచి ఇంగ్లీషు. ఆ వాక్యం ఇందులోనూ లేదు. రాద్దామని కలం పెట్టాను. ఉద్యోగం పోతే నాన్నని ఎలా చూసుకోను అనుకున్నాను. అదీ నిజమే. నాకు భయం, అది అసలు నిజం.

గులాబ్ బీ రోజూ పొద్దున వచ్చి మెట్ల మీద కూర్చుంటోంది. చాయ్ తాగి, పోస్టు వచ్చాక వెళ్తుంది.

అక్టోబర్ 11

మద్రాసు పార్సిల్ వచ్చింది. ఆరు సెట్లు. మూడు నెలలు ఓపిక పట్టి ఉంటే సరిపోయేది.

అక్టోబర్ 17, ఆదివారం

చర్చి అయ్యాక ఏసురత్నం గారిని పక్కకి పిలిచాను. ఆ మాట వెనక్కి తీసుకోండి, అది హాస్యమని చెప్పండి అని బతిమాలాను. ఆయన కోప్పడలేదు. నేను విన్నది చెప్పానమ్మా దేవకృపా, ఆ మాట అన్నది నువ్వే కదా అన్నారు. నీ పేరు బయటికి రాకుండా చూశాను, మీ నాన్న యెషయా గారి మొహం చూసి అన్నారు. అంటే నేను ఆయనకి కృతజ్ఞతగా ఉండాలి. తల ఊపి వచ్చేశాను. ఆ తల ఊపినందుకు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

అక్టోబర్ 24, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. మూడో అర్జీ రాశాను, నా పేరుతో. మొదటి వాక్యమే అది. ఆగస్టు తొమ్మిదిన వైర్లెస్ అని అబద్ధం చెప్పింది నేను, అతని నేరం ఏమీ లేదు, నన్ను పిలిచి విచారించండి. నాన్నకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివి, కింద తన సంతకం కూడా చేశారు.

గులాబ్ బీకి తెలుగులో చదివి వినిపించాను. మొదటి వాక్యం రెండుసార్లు చదివాను. ఆమె కాయితం నా చేతిలోంచి తీసుకుంది. ఏడవలేదు, తిట్టలేదు. ఈ మాట ఆ రెండు కాయితాలల్ల సుత రాసినవా అని అడిగింది. లేదన్నాను. వేలు ముందుకు చాపింది. ఇది నా అర్జీ, నీ ముద్ర అక్కర్లేదన్నాను. అయినా వేసింది.

అక్టోబర్ 25

ఇవాళ కూడా వచ్చి మెట్ల మీద కూర్చుంది. చాయ్ ఇస్తే తీసుకోలేదు.

నవంబర్ 9

నా పేరున కవరు వచ్చింది. టైపు చేసిన నాలుగు లైన్లు. నిర్బంధంలో ఉన్న హనీఫ్ అనే డిటెన్యూ అక్టోబర్ 20న విరేచనాలతో చనిపోయాడు. కాబట్టి మీ అర్జీ మీద చర్య అవసరం లేదు.

కవరు చేతికి రావడం గులాబ్ బీ చూసింది. చదువు టీచరమ్మా అంది. మంచినీళ్ళు తాగి వస్తానని పైకి వచ్చి ఇది రాస్తున్నాను.

కింద నుంచి పిలుస్తోంది.