జవాబు లేదు

మార్చి 4, సోమవారం

ఇరవై బొమ్మలకీ రంగులు వేసేశాను. బోత్ అంటే పడవ. బ్యోర్న్ అంటే ఎలుగుబంటి. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న స్వీడిషే, అయినా ఒక్కో మాటా చప్పరిస్తే ఇప్పుడే రుచి తెలుస్తోంది. ప్రాక్టికల్స్ కోసం దక్షిణాన ఉన్న మాల్మో నుంచి ఇంత ఉత్తరాన ఉన్న ఈ పిల్లల బడికి రావడం మంచిదే అయింది.

మార్చి 7, గురువారం

ఈరోజు సెమ్‌హార్‌కి స్వీడిష్ ఎంత వచ్చో చూసే బొమ్మల పరీక్ష. అయిదేళ్ళ పిల్ల, ఎరిత్రియా నుంచి వచ్చిన కుటుంబం. బొమ్మ చూపించి ఇది పడవేనా, ఇది చెంచాయేనా అని అడగాలి. ఫారంలో మూడు బాక్సులు: అవును, కాదు, జవాబు లేదు. మాటకీ బొమ్మకీ పొత్తు కుదరని ఎనిమిదింటికీ కాదు, కాదు అని టకటకా చెప్పింది. కుదిరిన పన్నెండింటికీ మాత్రం పెదవులు ముడిచి, ఊపిరి పీల్చి, నా మొహం చూసింది. జవాబు లేదు, పన్నెండు టిక్కులు.

రెండేళ్ళుగా ఈ పిల్లల బడిలోనే ఉంది! అవును అనడం కూడా నేర్పలేదా వీళ్ళు? ఒళ్ళు మండిపోయింది.

మార్చి 8

మునిసిపాలిటీ ఆఫీసుకి ఫారం పంపేశాను. ఇలాంటి విషయాల్లో నేను ఆలస్యం చెయ్యను.

మార్చి 18, సోమవారం

ఉత్తరం వచ్చింది. ఆగస్టులో సెమ్‌హార్ తన స్నేహితులతో పక్కనున్న స్కూలుకి వెళ్ళకూడదట. నది అవతల, స్వీడిష్ రాని పిల్లల తరగతికి వెళ్ళాలట. వాళ్ళమ్మ ఆ కాగితం పట్టుకుని వచ్చింది. ఇంట్లో మా భాషలో మాట్లాడవే అన్నా వినదమ్మా, రోజంతా స్వీడిషే వాగుతుంది, మీ దగ్గరే నోరెందుకు పడిపోయింది, అని అడిగింది.

ఫారం నకలు తీసి ఆ పన్నెండు టిక్కులూ చూపించాను.

మార్చి 19, మధ్యాహ్నం

వంటగది. వంటమనిషి సిల్వీ ఇంకో బంగాళాదుంప వెయ్యనా బంగారం అంది. సెమ్‌హార్ పెదవులు ముడిచి, వేడి టీ జుర్రినట్టు ష్‌ప్ అని గాలి లోపలికి పీల్చింది. సిల్వీ దుంప వేసింది.

ఏమందని వేశారు, అన్నాను.

అవునంది కదా, చెవుల్లో మంచు పడిందా నీకు, అంది సిల్వీ. మా వైపు అవునంటే ఇంతే పిల్లా, మాట దండగ చెయ్యం. నా దగ్గరే నేర్చుకుంది, ఎంత ముద్దుగా అంటుందో చూడు!

పన్నెండు అవునులు. అన్నీ విన్నాను. విని, జవాబు లేదు అని రాశాను. నిఘంటువంతా తిరగేశాను, ఆ మాట ఎక్కడా లేదు. నెల రోజులుగా ఇక్కడ తింటున్నాను, తిరుగుతున్నాను. మాటలంటే ప్రాణం అని చెప్పుకునే మొహం!

మార్చి 21, గురువారం

ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడి కమిల్లా అంతా విని నవ్వింది. ఊపిరికి బాక్స్ లేదమ్మా, అంది. మళ్ళీ పరీక్ష అక్టోబరులోనట. అప్పటికి బడులు తెరిచి రెండు నెలలు! ఊపిరికి బాక్స్ లేదట! అది అయిదేళ్ళ పిల్ల, కట్టెపుల్ల కాదు, ఊపిరి తీస్తుంది, అని అరిచాను.

అయితే తప్పు పరీక్ష పెట్టినవాళ్ళదేనని రాసివ్వండి, ఆ నిర్ణయం వెంటనే కొట్టేస్తాం, అంది. రాసిస్తే నా ప్రాక్టికల్ ఫెయిల్. ఆ మాట కూడా తనే చెప్పింది, చాలా మర్యాదగా.

మార్చి 22

బడి పెద్ద హిల్డూర్ కాగితం నా ముందు పెట్టింది. ఆవిడదీ ఈ ఊరే. తప్పు నీదేనని రాయమంటావా, బాగా ఆలోచించుకున్నావా, అంది. నేను పెదవులు ముడిచాను.

ష్‌ప్.

ఆవిడ రాసుకుంది.